ఎంక్యూ-9బీ గురించి ఇంకొంచెం రాయండి

సంపాదకులకు,

2024 బుడమేరు వరదల్లో మా సింగ్‌నగర్ డాబాలపైకి ఆహార పొట్లాలు దించిన డ్రోన్‌నూ, అదే ఏడాది అక్టోబరులో అమెరికా నుంచి 31 కొనేందుకు మన దేశం ఒప్పందం చేసుకున్న ఎంక్యూ-9బీ అనే సైనిక డ్రోన్‌నూ వార్తల్లో ఒకే గాటన కట్టడం సరికాదు. రెండోది దాదాపు 24 మీటర్ల రెక్కలతో, తోకవైపు ప్రొపెల్లరును తిప్పే టర్బోప్రాప్ ఇంజనుతో, ఒక పగలూ రాత్రీ దాటినా దిగకుండా ఎగరగల పూర్తిస్థాయి విమానం. తేడా ఒక్కటే: పైలట్ నేలమీద ఉంటాడు, పక్కన కెమెరాలూ రాడారూ చూసుకునే మరొకరితో.

ఉపగ్రహం మీదుగా ఆదేశం వెళ్లి దృశ్యం తిరిగొచ్చేసరికి క్షణమైనా జాప్యం తప్పదు కనుక, దీని పాత రూపమైన ఎంక్యూ-9 రీపర్లను దించే పని రన్‌వే దగ్గరి సిబ్బందికే వదిలేవారు. కొత్తదానికి తనంతట తానే దిగే ఏర్పాటుంది. నేలమీది లక్ష్యాలను కొట్టే హెల్‌ఫైర్ క్షిపణులు మోస్తుంది, నిజమే. అయితే యెమెన్‌లో హూతీ తిరుగుబాటుదారులు పలు రీపర్లను కూల్చారన్న సంగతి మన వార్తల్లో ఎందుకో అంతగా కనబడదు.

– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ