చేపల వేటకి నీ మొదటి విల్లు

పియోరియా,
మార్చి మొదటి వారం

ఏరా బావా,

బ్లూమింగ్టన్‌లో ఇల్లు సర్దుకోవడం అయిపోయిందని చెల్లాయి ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇక మనిద్దరి మధ్యా నలభై మైళ్లే. నువ్వు పంపిన విల్లుల ఫోటోలు చూశాను. అన్నీ జింకల వేటకి పనికొచ్చేవి. 70 పౌండ్ల లాగుడు (నారి లాగడానికి పట్టే బలం), గురి చూసుకునే సైటు, మణికట్టుకి కట్టుకునే రిలీజు. మంచి సరుకే గానీ చేపలకి ఇవేవీ అక్కర్లేదు. నువ్వు డబ్బులు కట్టేలోపే ఇది నీ చేతికి అందాలని పని పక్కన పెట్టి మరీ రాస్తున్నాను.

గాలం ఉండగా విల్లెందుకని అడిగావు కదా. ఇల్లినాయ్ నదిలో మా దగ్గర ఎటు చూసినా సిల్వర్ కార్పే. మన దేశంలో చెరువుల్లో పెంచే రకమే అది. 1970లలో చేపల చెరువుల్లో నాచు తింటుందని ఆర్కాన్సాస్‌కి తెచ్చారు. అక్కణ్ణుంచి తప్పించుకుని మిసిసిపీలో పడి, ఎదురెక్కి ఇక్కడిదాకా వచ్చేసింది. మిషిగన్ సరస్సులోకి పోకుండా రోమియోవిల్ దగ్గర కాలువలో కరెంటు అడ్డుకట్ట పెట్టారు, అది 2002 నుంచి నడుస్తోంది. ఈ చేప నోరు తెరుచుకుని నీళ్లు వడకట్టుకుని, అందులో ఉన్న నాచు నలుసులు తిని బతుకుతుంది. ఎర జోలికి రాదు కాబట్టి గాలానికి పడడం అరుదు. వల లేనివాడికి మిగిలింది విల్లే. కొట్టిన ప్రతి చేపా నదికి బరువు తగ్గిస్తుంది, మనకి కూరవుతుంది. నాకు ఈ వేట మీద ఇంత ప్రేమ అందుకే.

సరే, విల్లు సంగతి. అన్నిటికన్నా ముందు తేలికది చూడు. 40 పౌండ్లు బోలెడు. మనం కొట్టే చేప పది పదిహేను అడుగుల దూరంలో, అడుగో రెండడుగులో లోతులో ఉంటుంది. బరువు విల్లుతో కొడితే బాణం చేపని దాటిపోయి బురదలో దిగబడుతుంది. దాన్ని పీక్కోవడానికే పొద్దంతా సరిపోతుంది. పైగా జింకల వేటలో రోజుకి ఒక్క బాణం వేస్తే గొప్ప. ఇక్కడ ఒక్క పూటలో లెక్కలేనన్నిసార్లు లాగాలి, అదీ చేప కనిపించిన అరక్షణంలో. భుజం అలిసిపోతే గురి ఎక్కడుంటుంది?

రికర్వా (రెక్కల చివరలు ముందుకి వంగి ఉండే, కప్పీల్లేని విల్లు), కాంపౌండా అంటే నీకు మాత్రం రికర్వే చెప్తాను. కాంపౌండులో కప్పీలూ కేబుళ్లూ ఉంటాయి, చేపని లాక్కోవడానికి బాణానికి కట్టే తాడు వాటికి తగులుకునే అవకాశం ఎక్కువ. ఇంకో చిక్కేమిటంటే, జింకల కాంపౌండు చివరిదాకా లాగితేనే బరువు తేలికవుతుంది, సగం లాగి వదిలితే సరిగ్గా కొట్టదు. రికర్వ్‌తో ఎంతవరకు లాగగలిగితే అంతవరకు లాగి వదిలేయొచ్చు. పీఎస్ఈ వాళ్ల కింగ్‌ఫిషర్ 56 అంగుళాల విల్లు, చేపల కోసమే చేసింది, మూడు ముక్కలుగా విప్పి కారు డిక్కీలో పడేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకో: రికర్వ్ మీద రాసే బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. అంగుళం తగ్గితే సుమారుగా రెండు పౌండ్లు తగ్గుతుంది. నీ చేతులు 26 దాకానే వస్తే 40 అని రాసున్న విల్లు నీకు 36 అవుతుంది. అది చాలు, దాని కోసమని 50ది కొనకు. కాంపౌండే కావాలని మనసు పడితే మాత్రం కేజన్ సకర్ పంచ్ లాంటిది చూడు. చేపలకని చేసినది కాబట్టి దానికి ఇంతే లాగాలన్న కొలత ఉండదు. లీవరు విల్లులు (రికర్వ్‌నీ కాంపౌండునీ కలిపినట్టుండేవి) కూడా ఉన్నాయి, బాగా పనిచేస్తాయి, మొదటి ఏడాది అంత ఖర్చు దండగ.

ఆఫీసులో ఎవరో పాత కాంపౌండు ఊరికే ఇస్తానన్నారని రాశావు. తీసుకునేముందు రెక్కల (పిడికి పైనా కిందా వంగే భాగాల) మీద దూది ఉండతో పైనుంచి కిందకి నిమురు. ఎక్కడైనా పోగులు పట్టుకుంటే అక్కడ పగులు మొదలైందన్నమాట, అది వద్దు. నారి నూగు లేచి ఉన్నా మార్పించాకే లాగు. పిడి ముందువైపు స్క్రూ బిగించే మర ఉన్న రంధ్రం, పక్కన సైటు బిగించే రెండు రంధ్రాలు ఉన్నాయో లేదో చూడు. బాణం తాడు ఉండే రీలు వీటికే బిగుస్తుంది, అవి లేకపోతే ఆ విల్లు మనకి పనికిరాదు. బాణం ఎక్కించకుండా నారి లాగి ఉత్తినే వదలకు, ఏ విల్లయినా సరే, రెక్కలు విరుగుతాయి.

రీళ్లలో సీసా రీలు తీసుకో, ఏఎంఎస్ వాళ్ల రిట్రీవర్. తాడు సీసాలో వదులుగా పడి ఉంటుంది, బాణం వదలగానే దానంతటదే జారిపోతుంది. జెబ్కో 808 లాంటి గాలం రీలు కూడా వాడతారు, తాడు త్వరగా చుట్టుకుంటుంది. కానీ ప్రతిసారీ బాణం వేసేముందు మీట నొక్కాలి. చేప కనిపించిన హడావిడిలో ఆ మీట మరిచిపోతే తాడు కదలదు, బాణం పోయినంత దూరం పోయి వెనక్కి గుంజుకుంటుంది. కొత్తలో ఆ ప్రమాదం నీకెందుకు? సీసా రీలుతో తాడు లాక్కోవడం కాస్త నిదానం, అంతే.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. పూర్వం తాడుని బాణం తోకలో ఉన్న రంధ్రానికి కట్టేవారు. బాణం ఎక్కించినప్పుడు తాడు నారి పక్కనే వేలాడేది. అది ఏమాత్రం నారికి చుట్టుకున్నా, వదిలిన బాణం సాగిన తాడుతో తిరిగొచ్చి వేసినవాడి మొహానికే తగిలేది. కళ్లు పోయినవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు సేఫ్టీ స్లైడ్ అని వస్తుంది, బాణం కర్రమీద అటూ ఇటూ జారే చిన్న రింగు. తాడు దానికే కట్టాలి. నువ్వు నారి లాగినా ఆ రింగు మాత్రం పిడికి ముందే నిలబడుతుంది, కాబట్టి తాడు నారి దరిదాపుల్లోకి రాదు. బాణం వదిలాక కర్ర ఆ రింగులోంచి జారిపోయి, తోక దగ్గరున్న చిన్న మర రింగుని ఆపుతుంది. కొన్న బాణానికి ఇది లేకపోతే విడిగా కొని ఎక్కించు. ఖరీదు ఎంతో కాదు. ఇది లేని బాణం నా పడవలోకి రానివ్వను, అది నీదైనా సరే.

బిగించేటప్పుడు ఈ వరసలో చెయ్యి. ముందు నారి ఎక్కించడం, దానికి స్ట్రింగర్ తాడు వాడు, మోకాలితో తొక్కిపట్టి ఎక్కిస్తే రెక్క మెలిపడుతుంది. తరవాత బాణం ఆనుకునే రెస్టు. చేపల బాణం బరువుగా ఉంటుంది, జింకల రెస్టు ఓర్చుకోదు, కాబట్టి రోలరు రెస్టో, దళసరి ప్లాస్టిక్‌దో పెట్టు. ఇప్పుడు బాణాన్ని రెస్టు మీద ఆనించి, నారికి లంబంగా వచ్చేచోటు చూసి, దానికి పావు నుంచి అర అంగుళం పైన ఇత్తడి గుర్తు బిగించు. ప్రతిసారీ బాణం తోక దాని కిందే ఎక్కాలి. నారి ఓసారి దించి, ఆ తోకకి పైనా కిందా వేళ్లు ఆనేచోట రబ్బరు గొట్టాలు తొడిగి మళ్లీ ఎక్కించు. అవి లేకపోతే తడి చేతులతో గంటలో వేళ్లు బొబ్బలెక్కుతాయి. గ్లోవు తడిస్తే జారుతుంది. కాంపౌండుకైతే వీటిని ఎక్కించడానికి రెక్కలని వంచి పట్టే ప్రెస్సు కావాలి, అది కొట్టువాడి పని. చివరగా రీలు, తాడు. రీల్లోంచి తాడు నేరుగా ముందుకొచ్చి స్లైడ్‌కి చేరాలి, ఎక్కడా రెస్టు వెనక్కి పోకూడదు. అల్లిన తాడుకి మామూలు ముడి జారుతుంది, పాలోమార్ ముడి వేసి చివర కాల్చు. తరవాత పిడి పట్టుకుని ఓసారి నెమ్మదిగా లాగి చూడు: స్లైడ్ ముందే నిలిచిందా, తాడు చొక్కా గుండీకీ గడియారానికీ తగలకుండా ఉందా? నేను ఇప్పటికీ ప్రతి బాణానికీ ముందు ఇది చూస్తాను.

బాణానికి ఈకలుండవు, చూసి కంగారు పడకు. ఇంత దగ్గర్నుంచి కొట్టేదానికి ఈకలు అక్కర్లేదు. ఉంటే నీళ్లలో దారి తప్పిస్తాయి. ఫైబర్‌గ్లాసు కర్ర, 32 అంగుళాలు, ఉక్కు మొన. మొన మీద ముళ్లు చేపలో దిగాక విచ్చుకుని పట్టుకుంటాయి. మొనని రెండు చుట్లు వదులు చేస్తే ముళ్లు ముందుకి మడుచుకుంటాయి, బాణం బయటికొచ్చేస్తుంది. మళ్లీ బిగించడం మరిచిపోవద్దు.

గురి విషయానికొస్తే, నీళ్లలో చేప కనిపించేచోట ఉండదు, దానికన్నా కిందుంటుంది. ఇక్కడివాళ్లు 10-4 అని ఒక లెక్క చెప్తారు. చేప 10 అడుగుల దూరంలో అడుగు లోతులో ఉంటే 4 అంగుళాలు కిందకి కొట్టు. దూరం రెట్టింపైనా, లోతు రెట్టింపైనా 8 అంగుళాలు. పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి, అవి పెట్టుకుంటే నీటి మీద మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది. పాల డబ్బాలో ఇసక నింపి మోకాలి లోతు బురద నేల మీద ముంచి, కొన్నాళ్లు దాన్నే కొట్టు. రాళ్లున్నచోట వద్దు. దూరాన్నుంచి మరీ వాలుగా వేస్తే బాణం నీటి మీద తుళ్లి ఎటో పోతుంది, ఎదర మనిషి లేకుండా చూసుకో.

సిల్వర్ కార్ప్ మోటారు చప్పుడుకి గాల్లోకి ఎగురుతుంది, అందరూ ఆ వీడియోలే చూస్తారు. అది తరవాత. మే నెలలో బంగారు తీగ గుడ్లు పెట్టడానికి ఒడ్డున గడ్డిలోకి వస్తుంది, దాంతో మొదలెడదాం. కొట్టేముందు మూతి చూడు. బంగారు తీగకి నోటి పక్కన మీసాలుంటాయి. బఫెలో చేప కూడా ఒళ్లు అలాగే ఉంటుంది, మీసాలుండవు. అది ఈ నదికి పుట్టినింటి చేప. 2019లో వచ్చిన పరిశోధనలో బిగ్‌మౌత్ బఫెలో 112 ఏళ్లు బతికినట్టు తేలింది. చట్టం ఒప్పుకున్నా నేను దాన్ని కొట్టను, నువ్వూ కొట్టొద్దు. గాలానికి పడ్డ చేపని వదిలేయొచ్చు, బాణం దిగినదాన్ని వదలలేం. ఏ చేపో తేలకపోతే విల్లు దించెయ్. ముక్కు పొడుగ్గా ఉండే గార్ చేపని ఎవరైనా ఇస్తే, మాంసం తినొచ్చు గానీ గుడ్లు విషం. చెల్లాయికి చేప గుడ్ల వేపుడంటే ఇష్టం కదా, ఈ మాట తనకి కూడా గట్టిగా చెప్పు.

సిల్వర్ కార్ప్ మాంసం తెల్లగా ఉంటుంది, బురద వాసన రాదు, ముళ్లు మాత్రం చాలా ఉంటాయి. శీలావతి తిని పెరిగిన మనకి అదొక లెక్కా? బాణం దిగిన చేప త్వరగా పాడవుతుంది, కాబట్టి పడవలో ఐసు పెట్టె నింపుకునే బయల్దేరాలి. బంగారు తీగ తినేముందు ఆ నీటికి రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏం చెప్పిందో చూసుకో. సిల్వర్ కార్ప్‌ని బతికుండగా ఇంటికి తేవడం నిషేధం.

ఇల్లినాయ్‌లో ఫిషింగ్ లైసెన్సు మార్చి 31తో అయిపోతుంది, కాబట్టి ఏప్రిల్ 1 నుంచి లెక్కకొచ్చేదే తీసుకో. కొట్టుకెళ్లేముందు ఒక పని చెయ్యి. రెండు చేతులూ చాచి బొటనవేళ్ల మధ్య చిన్న సందులోంచి గోడ మీది గడియారాన్ని చూడు. ఒక్కో కన్నూ మూసి చూస్తే ఏ కంటికి అది సందులోనే ఉంటుందో అదే నీ గురి కన్ను. కుడి కన్నయితే కుడిచేత్తో లాగే విల్లు, ఎడమైతే ఎడమది. ఏదో నాకు మెసేజ్ పెట్టు. శనివారం నేనే వస్తాను, ఇద్దరం కలిసి కొట్టుకెళ్దాం.

పిల్లలకి ముద్దులు.

నీ బావ