పింఛను పుస్తకం చాలన్న ఏఎన్ఎం అమ్మకు

2021 మార్చిలో అరవై దాటినవాళ్లకు కోవిడ్ టీకా మొదలుపెట్టినప్పుడు మా నాన్నను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆయన రిటైర్డ్ హవల్దారు. ఆధార్‌లో పేరు ఒకలా, ఆర్మీ డిశ్చార్జ్ బుక్కులో ఇంకోలా ఉంటుంది (ఫౌజీల ఇళ్లలో ఇది మామూలే లెండి), అందుకే ఆయన ఎక్కడికెళ్లినా ఫోటో ఉన్న పింఛను పుస్తకమే జేబులో పెట్టుకెళ్తారు. గేటు దగ్గరేమో ఆధార్ లేకపోతే కుదరదని తిప్పి పంపబోయారు. నాన్న మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగేశారు, నాకు ఒకటే టెన్షన్.

అప్పుడు మీరు లేచి వచ్చి, ఫోటో ఉన్న పింఛను పుస్తకం కూడా కోవిన్‌లో (టీకా కోసం పేర్లు ఎక్కించే సర్కారు పోర్టల్) చెల్లుతుందండీ అని ఆయన్ను కూర్చోబెట్టి, పేరు ఒక్కో అక్షరం చదివించుకుని మీరే ఎక్కించారు. రెండో డోసుకీ ఇదే తేవాలి, లేకపోతే సర్టిఫికెట్‌తో తంటా అని అట్ట మీద పెన్నుతో రాసిచ్చారు. సూది వేశాక అరగంట కూర్చోమంటే నాన్న వింటారా, "నేను సియాచిన్ చూసొచ్చానమ్మా" అన్నారు. "అయితే ఈ కుర్చీ ఎంత సార్" అన్నారు మీరు. కూర్చున్నారు!

మీ పేరు అడగలేదు, మాస్కులో ముఖమూ సరిగా చూడలేదు. చాలా థాంక్స్ అమ్మా. నాన్న కూడా చెప్పమన్నారు.