అమ్మ రిపోర్ట్ గురించి మీలో ఒక్కరైనా మాట్లాడండి

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

మీ ల్యాబ్‌లో చేయించిన అమ్మ రక్తపరీక్ష గురించి ఇది నా ఐదో మెయిల్. ముందు రాసిన నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది, "మీ ఫిర్యాదు అందింది, 48 గంటల్లో మా ప్రతినిధి సంప్రదిస్తారు" అని. మొదటి మెయిల్ జులై 12న పెట్టాను, ఇవాళ ఆగస్టు 18. ఇంతవరకు ఎవరూ సంప్రదించలేదు. అందుకే ఈసారి మొదటినుంచీ అంతా రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

మా అమ్మకి 71 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయింది. పాతికేళ్ల కిందట చదువుకున్న పిల్లలు బజార్లో ఎదురైనా ఇంటిపేరుతో సహా పిలిచేది. ఏడాదిగా చెప్పిందే చెబుతోంది, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతోంది. సంక్రాంతికి మా అబ్బాయిని మా తమ్ముడి పేరుతో పిలిచి, తప్పని తనకే తెలిసి, అరిసెల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. విజయవాడలో న్యూరాలజిస్ట్‌కి చూపించాం. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది, అవి సరిచేసుకోవచ్చు, ముందు అవేమైనా ఉన్నాయేమో చూద్దాం అన్నారాయన. ఎమ్మారై కూడా తీయించారు. వాటిలో ఏమీ దొరక్కపోయేసరికి, అల్జీమర్స్ ఏమోనని పీ-టౌ217 రక్తపరీక్ష రాశారు. మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటూ ఉంటే రక్తంలో ఈ పీ-టౌ అనే ఇంకో ప్రొటీన్ పెరుగుతుందట. ఇదివరకు ఇది తెలియాలంటే పెట్ స్కాన్ తీయాలి, లేదంటే వెన్నులోంచి నీరు తీయాలి. ఇలాంటి రక్తపరీక్షకి అమెరికాలో మందులకీ పరీక్షలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతి ఇచ్చిందే 2025 మేలో, అదీ 55 ఏళ్లు దాటి లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకి మాత్రమే. సూదిపోటుతో పోతుందంటే అమ్మ ఒప్పుకుంది, మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

ఎక్కడ చేయించాలన్నప్పుడు మీ పేరే చెప్పాను. నాన్నగారి షుగర్ దగ్గర్నుంచి అమ్మ కిడ్నీకి చేసే క్రియాటినిన్ దాకా 12 ఏళ్లుగా ప్రతి పరీక్షా మీ దగ్గరే చేయిస్తున్నాం. నాన్నగారు చనిపోయిన ఆ వారంలో కూడా ఆయన రిపోర్ట్ మీ దగ్గర్నుంచే తెచ్చాం. అందుకే ఇంత కోపం వస్తోంది, కొత్త చోటైతే ఇంత బాధపడేదాన్ని కాదు.

జులై 7న ఉదయం 7 గంటలకి వస్తానన్న అబ్బాయి పదిన్నరకి వచ్చాడు. అమ్మ పరగడుపునే కూర్చుంది, పరగడుపు అవసరమో కాదో కూడా మాకు ఎవరూ చెప్పలేదు. రక్తం తీసి ట్యూబుని బ్యాగు పక్క జేబులో పెట్టుకున్నాడు. ఐస్ బాక్స్ లేదా బాబూ అంటే, సెంటర్‌లో పెడతామండీ అని బండెక్కి వెళ్లిపోయాడు, బయట ఎండ మండిపోతోంది. నాలుగో రోజు "శాంపిల్ రిజెక్టెడ్" అని మెసేజ్ వచ్చింది. ఎందుకో రాయలేదు.

అక్కడినుంచి మొదలైంది. తెలుగుకి రెండు నొక్కమంటారు, నొక్కితే హిందీలో మాట్లాడే అమ్మాయి వస్తుంది. నా హిందీలో ఎలాగో చెబితే, హెచ్‌బీఏ1సీ (షుగర్ పరీక్ష) రిపోర్ట్ యాప్‌లో ఉంది చూసుకోండి అంది. అది కాదమ్మా అని మూడుసార్లు చెప్పాను. రెండోరోజు ఒకతను టెస్ట్ పేరు స్పెల్లింగ్ చెప్పమన్నాడు, చెప్పాను, అలాంటి టెస్ట్ మా లిస్టులో లేదన్నాడు. మీ దగ్గర డబ్బు కట్టిన రసీదు నా చేతిలో ఉంది! సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారన్నారు. చేయలేదు సరే, సాయంత్రానికి "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి టికెట్ మూసేశారు. ఆ రోజంతా ఫోన్ కొంగున కట్టుకున్నట్టు తిరిగాను, ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. సెంటర్‌కి వెళ్తే, మేం శాంపిల్ తీసి పంపడమే, మిగతాది కస్టమర్ కేర్‌ని అడగండి అన్నారు.

13న మళ్లీ రక్తం తీశారు. అమ్మ చేతికి అంటించిన దూది పట్టీని మర్నాటిదాకా తీయనివ్వలేదు, తీస్తే మళ్లీ గుచ్చుతారని భయం. 24 రాత్రి 11 దాటాక వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చింది. ఒక అంకె, పక్కన "ఇంటర్మీడియట్", కింద "క్లినికల్ కోరిలేషన్ అవసరం", అంటే లక్షణాలతో పోల్చి డాక్టరే చూసుకోవాలని. అంతే.

డాక్టర్ గారు చూసి, మధ్యలో ఉంటే దీంతో ఏదీ తేల్చలేం అన్నారు. కిడ్నీ సరిగా లేకపోతే కూడా ఈ అంకె పెరుగుతుందట, అమ్మ క్రియాటినిన్ 1.7 ఉందని మీ రికార్డుల్లోనే ఉంది, దాని గురించి ఒక్క మాట లేదు. ఒక్కో కిట్‌కి కటాఫ్, అంటే ఎంత దాటితే ఎక్కువ అనే హద్దు, ఒక్కోలా ఉంటుంది, మీరు ఏ కిట్ మీద చేశారో లేదు. రక్తం తీసిన ఎంతసేపటికి అందులోంచి ప్లాస్మా (కణాలు తీసేసిన ద్రవం) వేరుచేశారు, ఎంతసేపటికి ఫ్రీజ్ చేశారు అని ఆయన అడిగారు. నేను మీకు రాశాను. జవాబు లేదు. ఈలోగా ఆగస్టు 2న మీ ఆఫీసు నుంచే ఫోన్, "మేడమ్, ఇంట్లో 40 దాటినవాళ్లందరికీ బ్రెయిన్ హెల్త్ ప్యాకేజీ, 30 శాతం తగ్గింపు" అని. ఏ లక్షణాలూ లేనివాళ్లకి ఈ పరీక్ష చేయించవద్దని మా డాక్టర్ గట్టిగా చెప్పారు. అమ్మకోసం దొరకని నా నంబర్ మీకు అమ్మకానికి ఎలా దొరికింది?

అమ్మ పొద్దున ఏం తిన్నదీ మర్చిపోతోంది కానీ, సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే "రిపోర్ట్ గురించి వాళ్లేమన్నారే" అని మాత్రం అడుగుతుంది. ఏమని చెప్పను? ఫలితం చెడ్డదైతే మేం తట్టుకుంటాం, పెట్ స్కాన్ తీయించమంటే హైదరాబాద్ తీసుకెళ్తాం. మాకు తెలియాల్సింది ఈ అంకెని నమ్మాలా వద్దా అనే. మీ పాథాలజిస్ట్ మా డాక్టర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడితే తేలిపోయేది. డబ్బు సంగతి తర్వాత చూద్దాం, అయినా 8,500 ఊరికే రాలేదు. ఈ శుక్రవారంలోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, ప్రతి రసీదూ ప్రతి టికెట్ నంబరూ దాచాను. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఇళ్లు, సగంమంది మీ దగ్గరికే వస్తారు, వాళ్లకీ చెబుతాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫోన్ చేస్తే నాకే చేయండి, అమ్మ నంబర్‌కి వద్దు. మొన్న మీవాళ్లెవరో ఆమెకి చేసి "మీ బ్రెయిన్ రిపోర్ట్ గురించి" అని కట్ చేశారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇట్లు,
మీ పేషెంట్ కూతురు, విజయవాడ