ముద్దబంతి కాదు మొర్రో

తిరుపతి,
శుక్రవారం రాత్రి, తొమ్మిదిన్నర

ఒరే మునీ,

ముందు తిట్టేసుకో. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అనుకుంటానే దీపావళి పోయింది, సంక్రాంతి పోయింది. మా వీధి చివరింటి పిల్లోడు ఈ రాత్రికే బయల్దేరి మీ కువైట్‌కి వస్తా ఉండాడు. పదిన్నరకి వాడి కారు ఈ దోవనే పోతుందంట, అందుకే ఈ పరుగు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే సగంలోనే పకపకా నవ్వేస్తావు నువ్వు. ఇది నవ్వకుండా వినాల్సిన సంగతి.

అందరం బాగుండాం. పెద్దోడికి ఇంటర్ పరీక్షలు, పుస్తకం తప్ప అన్నీ చదువుతా ఉండాడు. నా మోకాలు అట్నే ఉంది. మీ చిన్నాయన స్థలం పోయి చూసొచ్చినా, హద్దురాళ్ళు కదల్లేదు. అంతే.

మా మిద్దె మీద తులిప్ పూసిందిరా! తిరుపతిలో! ముద్ద తులిప్!

అప్పుడే నవ్వినావు, నాకు తెలుసు. మొదట్నుంచి చెప్తా ఉండు.

పోయిన ఏప్రిల్లో అమ్మని కాశ్మీరం తీసకపోయినా కదా. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన, జబర్వాన్ కొండ కింద పేద్ద తులిప్ తోట ఉండాది. ముందు దాని పేరు సిరాజ్ బాగ్ అంట. మేము పోయేసరికి రేక తులిప్‌లు సగం రాలిపోతా ఉన్నాయి. ఒక పక్కన మాత్రం ముద్దవి నిండుగా ఉండినాయి. రేక తులిప్‌కి ఆరే రేకులు. దీనికి లోపల ఉండాల్సిన కేసరాలు కూడా రేకులైపోయి, పొర మీద పొర. అమ్మ అక్కడే నిలబడిపోయి, "మీ నాయన పెట్టిన ముద్దమందారం మాదిరే ఉండాదే" అనింది. నాయన పోయినాక ఆమె మిద్దె ఎక్కిందే లేదు, నీకు తెలుసు కదా. ఆ తొట్లన్నీ ఎండి... సరే, ఆ మాట ఇప్పుడొద్దు.

సెప్టెంబర్లో పన్నెండు తులిప్ గడ్డలు తెప్పించినా. ఎంతయిందో చెప్పను, నువ్వు ఈమూ పక్షుల మీద పోగొట్టుకున్న దానికన్నా తక్కువే. హాలెండ్ దేశంలోనూ నీలాంటోళ్ళు ఉండినార్రా! భూమిలో ఉన్న తులిప్ గడ్డని చూడకుండానే చీటీ రాసుకుని చేతులు మార్చుకున్నారు, 1637 ఫిబ్రవరిలో బేరం మొత్తం కుప్పకూలింది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గాలి వ్యాపారం. చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చినావు.

ముద్ద తులిప్‌లలో ముందు పూసేవి, ఆలస్యంగా పూసేవి అని రెండు రకాలు. ఆలస్యంవి బో అందంగా ఉంటాయి గానీ పొడుగు కాడ, బరువు పువ్వు, వానకి నీళ్ళు నిండితే కాడ విరిగిపోతుంది. తొట్లకి ముందు పూసే పొట్టివే మేలు. అందుకే మోంటే కార్లో అనే పసుపు రకం తెప్పించినా. ఈ రంగే నా కొంప ముంచింది, చెప్తా ఉండు.

ఆ గడ్డకి చలి పడాల. మూడు నెలలు, మూడున్నర నెలలు. గడ్డ మన చేతికి వచ్చేసరికే లోపల పువ్వు తయారై ఉంటుంది, చలి పడితే గానీ కాడ సాగదు. మన ధనుర్మాసం చలి దానికి ఏ మూలకి? అందుకని చిల్లుల కాగితం సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టినా. అది మహాలయ పక్షం. "పెద్దల రోజుల్లో కొత్త మొక్కలేంది నాయినా" అని అమ్మ గొణిగింది. నేను ఫ్రిజ్‌లోనే కదా పెడతా ఉండేది, నాటలేదు కదా అని అన్నా.

దీపావళి ముందర అమ్మ సాంబారుకి ఎర్రగడ్డ అనుకుని ఒకటి కోసేసింది. నేను అరవబోతే, "ఇట్ల రా, గడ్డలో బిడ్డ ఉండాది" అని పిలిచింది. నిజమేరా! నిలువుగా చీలిన ఆ గడ్డ నడుమ, గోరంత ఆకుల మధ్యన, లేత పచ్చగా పువ్వు మొగ్గ. ఇద్దరం దాన్ని చూస్తా కూర్చుంటే పప్పు మాడిపోయింది. (రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలంలో హాలెండ్ వాళ్ళు తిండి లేక ఈ గడ్డలే ఉడకేసుకుని తిన్నారంట. ఒంటికి మంచిది కాదు గానీ ఆకలి వింటుందా.)

పదకొండు మిగిలినాయి. కార్తీకంలో మామ ఊరినుంచి సీతాఫలాలు తెచ్చినాడు. బాగా మాగినవి. అమ్మ వాటిని యాడ పెట్టింది? నా గడ్డల పక్కనే! వారం రోజులు! మాగిన పండు ఇథిలీన్ అనే గాలి వదుల్తుంది, గడ్డలోని పూమొగ్గకి అది విషం. నేను ఎగిరెగిరి అరిచినా. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదని పెద్దోడు చెప్పినాడు. నా బుద్ధి చూడు, పువ్వు కోసం...

డిసెంబర్ నడుమ నాటినాం. గేటు పక్క పాదులో వరసగా నాలుగు. చూసేవాళ్ళకి శ్రీనగర్ మాదిరి ఉండాలని నా ఆశ. ఆ నాలుగూ నేల వేడికి కుళ్ళిపోయినాయి. నేలని జరపలేం కదా! మిద్దె మీద రెండు తొట్లలో ఏడు. ఎర్రమన్ను, స్వర్ణముఖి ఇసుక, వానపాముల ఎరువు. గడ్డ ఎత్తుకి మూడింతల లోతు. గడ్డకి ఒక పక్క చదునుగా ఉంటుంది, దాన్ని తొట్టి అంచు వైపు తిప్పితే మొదటి ఆకు బయటికి వాలుతుంది, చూపు బాగుంటుంది. పదిగంటలకి ఎండ పడంగానే తొట్లని మెట్ల కిందికి జరిపేది ఎవరు? అమ్మ. డెబ్బై ఒకటేళ్ళు ఆమెకి! వద్దంటే వినదు. పొద్దున మిద్దె ఎక్కితే పది దాటితే గానీ దిగదు. ఎక్కింది కదా అని నాయన తొట్లకి కూడా నీళ్ళు పోసింది. ముద్దమందారం చిగురు వేసింది మునీ.

ఏడింటిలో మూడు ఉత్త ఆకులే. ఇంకో మూడింట్లో మొగ్గ కాగితం మాదిరి ఎండిపోయి లోపల్నే ఉండిపోయింది, సీతాఫలం పుణ్యం. ఒక్కటి మాత్రం, రథసప్తమి పొద్దున... కాడ జానెడు కూడా లేదు, ఆకుల్లో నక్కి కూర్చుంది. అయినా విచ్చుకుంది. ఎండకి పళ్ళెం మాదిరి పరుచుకుంటుంది, సాయంత్రం చల్లబడితే ముడుచుకుంటుంది. దగ్గరికి పోతే రొంత తేనె వాసన.

పక్కింటక్కని పిలిచినా. ఆమె మిద్దె ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వంగి చూసి ఏమనిందో తెలుసా?

"ముద్దబంతి కదా. దీనికేనా ఇంత హడావిడి?"

ముద్దబంతి! గోవిందరాజస్వామి గుడి ముందర మూర లెక్కన అమ్మే ముద్దబంతి! నాకు నోట మాట రాలేదు. అమ్మ మాత్రం పైట సర్దుకుని, "బంతి కాదమ్మా, కాశ్మీరం పువ్వు. దీన్ని ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు సీతాఫలాలు పక్కన పెట్టకూడదు, కొంతమందికి ఆ మాత్రం తెలీదు" అనిందిరా! కొంతమందికి అంట! నేను మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వినా.

దేవుడికి కోస్తుందేమో అని భయపడినా. అడిగితే, "కొండ మీద పూసిన పువ్వు యాడుండినా స్వామిదే. కొండ ఇక్కడికి కనపడతానే ఉంది కదా" అని తొట్టిని కొండ వైపు తిప్పి పెట్టింది. నాలుగు రోజులు ఉండింది. అయిదో రోజు రాలిన రేకులు ఏరి లెక్క పెట్టింది. పందొమ్మిది. ఒకటి ఈ కవర్లో పెడతా ఉండా, పప్పు మాదిరి కనిపిస్తే పారేయొద్దు.

ఇప్పుడు నా బాధ ఏందంటే, మన ఎండలకి ఆ గడ్డ మళ్ళీ పూయదు. అంత చలి దేశపు మొక్క. ఆకు పండినాక గడ్డ తీసి ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడతానంటా ఉంది అమ్మ, ఈసారి ఏ పండూ లోపలికి రానీదంట. ఆమెకి ఎట్ల చెప్పేది? నువ్వయితే ఏం చేస్తావు? కొత్తవి తెప్పించి, రాత్రి పూట మార్చేస్తే

హారన్ కొడతా ఉండాడు. చింతకాయ పచ్చడి డబ్బా మూత గట్టిగా తిప్పినా, అయినా నిలువునే పెట్టుకోమను. జవాబు రాయి, ఈమూ

నీ
చెంగల్రాయుడు