మా పిల్లలకు అప్పిచ్చిన అన్నలకూ అక్కలకూ

హైదరాబాద్ బోరబండ ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్తాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలతో శనివారాలన్నీ గడిపిన నలుగురికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అడిగారు. ఇద్దరు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఒకమ్మాయికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగో అబ్బాయి సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్నాడు. అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. మా పిల్లలకు వాళ్లు అన్నలు, అక్కలు.

పోయిన జూన్‌లో, పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట జరుగుతున్న రోజుల్లో వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేదు. ఆ సంగతి ముందు ఒప్పుకోవాలి. అంతకు రెండేళ్ల కిందట ఒక సంస్థవాళ్లు వచ్చి పిల్లలకు బ్యాగులు పంచారు. వెనక బ్యానర్ కట్టి, పిల్లల్ని గంటసేపు ఎండలో వరసగా నిలబెట్టారు. ఏడో తరగతి పిల్లాడొకడు ఆ రోజు కొత్త చెప్పులు వేసుకొచ్చాడు. ముందురోజే వాళ్ల నాన్న కొనిచ్చాడట. ఫోటో తీసే మనిషి వాణ్ని చెప్పులు విప్పి పక్కన పెట్టి నిలబడమన్నాడు. వాడు విప్పాడు. ఆ బ్యాగు వాడు ఒక్కరోజు కూడా బడికి తేలేదు. నేను అక్కడే ఉన్నాను, ఏమీ అనలేకపోయాను.

అందుకే ఈ నలుగురూ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడితే, "మీరేం పంచుతారు బాబూ?" అని కటువుగానే అడిగాను.

"పంచడానికి ఏం తేలేదు మేడం. శనివారం చివరి రెండు పీరియడ్లు మాకివ్వండి చాలు" అన్నాడు సోషల్ వర్క్ చదివే అబ్బాయి. తనూ పాలమూరులో సర్కారు బడిలో చదివినవాడేనని తర్వాత తెలిసింది. హెడ్మాస్టర్ గారు సరే అన్నారు.

మొదటి నెల వాళ్లు చేసింది కథలు చెప్పడమే. అయితే ఎక్కడివో కథలు కావు. చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. ఆలేరు దగ్గరి చేనేత కుటుంబం ఆయనది. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే దారాన్ని కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకే చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడించాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం లేవక, ఇక నావల్ల కాదంది. ఆ నొప్పి చూడలేక ఆయన యంత్రం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. చివరి చిక్కు ఒకటి మిగిలింది. బాలానగర్‌లో ఒక కార్ఖానాకు వైరింగు పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలిక చూసి ఆ చిక్కు విప్పుకున్నారు. అది 1999. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

బాలానగర్ అనగానే క్లాసంతా నిటారుగా కూర్చుంది. సగం మంది నాన్నలు పని చేసేది అక్కడే మరి. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మా నాయినమ్మ గూడ ఆసు పోసేది అన్నా. ఇప్పటికీ కుడిచెయ్యి పైకి లేపదు" అంది. మూడేళ్లుగా ఆ పిల్ల నా క్లాసులో ఉంది. వాళ్లది నేతపని చేసే ఇల్లని నాకు ఆ రోజే తెలిసింది.

ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి గురించి కూడా చెప్పారు. 1987లో ఇక్కడే మొదలైంది. కట్టగలిగినవాళ్లు కట్టే డబ్బు ఆసరాగా కట్టలేనివాళ్లకూ అదే వైద్యం చేయడం అక్కడి పద్ధతి. "దానం చేస్తే డబ్బు ఒక్కసారికి అయిపోతుంది. పనిలోంచే డబ్బు పుట్టి మళ్లీ ఆ పనికే పోతే రేపు కూడా నడుస్తుంది" అని బోర్డు మీద ఒక చక్రం గీసి చూపించింది మాదాపూర్ అమ్మాయి. సామాజిక వ్యాపారం అనే మాటను నేనూ ఆ రోజే సరిగ్గా అర్థం చేసుకున్నాను.

తర్వాత పిల్లల్ని అడిగారు: మీ కళ్లముందు రోజూ వృథా అయ్యేదేంటి? నీళ్లన్నారు, అన్నమన్నారు. ఒక పిల్లాడు, "పాత నోటుబుక్కులు అక్కా. సగం ఖాళీగనే ఉంటయి, అమ్మ కిలోల లెక్కన అమ్మేస్తది" అన్నాడు. మరుసటి వారం ఇళ్ల నుంచి, పక్కనున్న రెండు అపార్ట్‌మెంట్ల నుంచి మూడు గోనెసంచుల నోటుబుక్కులు పోగయ్యాయి. తెల్లకాగితాలు విడదీసి కొత్త రఫ్ నోటుబుక్కులు కుట్టాలి. ఒక్కోటి ఇరవై రూపాయలకు అమ్మాలి. రెండు అమ్ముడైతే ఒకటి చదువుకోడానికి కాగితం కూడా లేని పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఈ లెక్క పిల్లలు వేసుకున్నదే.

అట్టలకు, దారానికి డబ్బు కావాలి. ఆ నలుగురూ తలాకొంత వేసుకుని ఊరికే ఇచ్చేయగలరు. ఇవ్వలేదు. 1,500 రూపాయలు అప్పుగా ఇచ్చారు. వడ్డీ లేదు, కానీ కాగితం రాయించుకున్నారు, ఐదుగురు పిల్లలతో సంతకాలు చేయించుకున్నారు. నాకు మనసులో కొంచెం కష్టంగానే అనిపించింది, ఈ పిల్లల దగ్గర పత్రమెందుకని. ఆ శనివారమే మహమ్మద్ యూనస్ గారి సంగతి చెప్పారు. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే పల్లెలో 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పిచ్చి మొదలుపెట్టారు. 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి దాకా వచ్చింది. "అప్పిస్తున్నామంటే మీరు తీరుస్తారని నమ్ముతున్నట్టు" అని ఇంజినీరింగ్ అబ్బాయి అంటుంటే మా పిల్లల మొహాలు చూడాలి. అంతవరకు వాళ్లను ఆ మాటతో నమ్మినవాళ్లు ఎవరూ లేరు.

మొదటి విడత అరవై పుస్తకాలు. విడికాగితాలు దొంతి పెట్టి వెన్నుకు మైదా గంజి రాసి అట్ట అంటించారు. మధ్యాహ్న భోజనం వండే అక్క తన పొయ్యి మీదే గంజి కాచిచ్చింది. నలభై ఒకటి అమ్ముడయ్యాయి. ఆగస్టు వానలకు గంజి మెత్తబడింది, బూజు పట్టింది, కాగితాలు రాలిపోవడం మొదలైంది. బడి ఎదురుగా టీకొట్టు అన్న ఖాతా రాసుకోడానికి మూడు కొన్నాడు. ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెడితే వెన్ను నుంచి కాగితాలు పేకముక్కల్లా జారాయి.

పిల్లలు బిక్కచచ్చిపోయారు. అప్పటికి ఆ అన్నలు, అక్కలు ఏమంటారోనని నాకూ బెరుకుగా ఉంది. కోప్పడలేదు, పోనీలే అని కూడా అనలేదు. లెక్కల పుస్తకం తెరిపించి "నష్టం: 60 పుస్తకాలు, ఒక్కోటి ఆరు రూపాయల చొప్పున 360" అని ఎర్ర సిరాతో రాయించారు. తర్వాత కొన్నవాళ్ల పేర్లన్నీ జాబితా రాయించి, ఇద్దరిద్దరుగా వాళ్ల ఇళ్లకు పంపారు. "మా పుస్తకం పాడైంది, నెలలోపు కొత్తది తెచ్చిస్తాం" అని చెప్పి రావాలి. మా క్లాసులో నలుగురి ముందు నోరు విప్పని పిల్లలు నలభై ఒక్క పుస్తకాల కోసం గడప గడపా తిరిగారు. ఒకావిడ విసుక్కుందట. చాలామంది కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారట. టీకొట్టు అన్న, డబ్బు వెనక్కి వద్దు, కొత్తది వచ్చాకే ఇవ్వండన్నాడు.

తప్పు ఎక్కడుందో కనుక్కోడానికి ముగ్గురు పిల్లల్ని తీసుకుని ఛత్తా బజార్ వెళ్లారు. పెళ్లికార్డుల ప్రెస్సుల మధ్య సందులో ఒక ముసలి బైండర్ చాచా దొరికాడు. వ్యాపారుల ఖాతా పుస్తకాలు కుట్టి బతికిన మనిషి. మా పుస్తకాన్ని ఒకసారి వేళ్ల మధ్య వంచి చూసి, "దీనికి కుట్టే లేదు బేటా, గంజి ఒక్కటి ఎన్ని రోజులు పట్టుకుంటది?" అన్నాడట. పిలవగానే రెండు శనివారాలు బడికొచ్చాడు. డబ్బివ్వబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు, చాయ్ మాత్రం రెండుసార్లు తాగాడు.

ఆయన చేతులు పనిచేస్తుంటే చూసిన ఆ గంటన్నర నేను మరిచిపోలేను. నోటుబుక్కు నడిమి పిన్నులు తీస్తే మధ్య కాగితాలు జంటగా వస్తాయి. అవి ఎనిమిదేసి మడిచి, మడత మీద దబ్బనంతో చిల్లులు పొడిచి, ఒక మడతను ఇంకో మడతకు కలుపుతూ కుట్టాలి. దాన్ని జుజ్‌బందీ అంటారని చెప్పాడు. సగానికి మించి రాసేసిన పుస్తకాల్లో చివరి కాగితాలకు జంట ఉండదు, ఆ రెండో సగం మొదట్లోనే రాసేసి ఉంటుంది. మేం అంటించినవి అవే. వాటికి అంచు నుంచి అరంగుళం లోపల వరసగా చిల్లులు పెట్టి అడ్డకుట్టు వేయాలి. దారానికి ముందు మైనం రుద్దాలి. గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపాలి. అది విషమని ఆ పని పిల్లల చేతికివ్వకుండా తనే కలిపాడు. ఒక పిల్ల తొందరపడి దారం లాగితే మెల్లగా ఆ చేతిని ఆపి, "జల్దీ లేదు బేటా. దారం తెగితె మళ్ల కట్టొచ్చు, కాయితం చినిగితె ఏం చేస్తవ్" అన్నాడు. చాచా బొటనవేలి గోరు కింద దబ్బనం రాసుకుని గట్టిపడిన చర్మం ఉంది. పిల్లలు దాన్ని ముట్టుకుని చూశారు.

దసరా సెలవులయ్యాక పని ఊపందుకుంది. పాడైన నలభై ఒక్క పుస్తకాలకూ బదులు కొత్తవి చేరాయి. టీకొట్టు అన్న ఇంకో ఐదు కొన్నాడు.

డిసెంబర్‌లో ఉచిత పుస్తకాలు తీసుకుని కోకాపేటలో కట్టుబడి కూలీల రేకుల గుడిసెల దగ్గరికి వెళ్లాం. పెద్ద పెద్ద టవర్ల నీడలో ఆ గుడిసెలు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. మా నలుగురూ ముందురోజే రెండు షరతులు పెట్టారు: ఫోటోలు లేవు, పుస్తకం చేతికిచ్చి వచ్చేయడం లేదు. ప్రతి ఒక్కరూ ఒక పిల్లాడి పక్కన గంటసేపు కూర్చుని, వాడి పేరు వాడి చేతే మొదటి పేజీలో రాయించి రావాలి.

మేం వెళ్లగానే ఆ పిల్లలు తమంతట తామే వరస కట్టారు. ఎవరో వచ్చి ఏదో ఇస్తారంటే అలా నిలబడడం వాళ్లకు అలవాటైపోయింది. మా వాళ్లలో ఒకడు గబగబా ముందుకెళ్లి, "లైన్ వద్దు, లైన్ వద్దు, బైఠో" అంటూ వాళ్లను చెదరగొట్టి, ఇసుక కుప్ప మీద తనే ముందు కూలబడ్డాడు. రెండేళ్ల కిందట చెప్పులు విప్పి నిలబడిన పిల్లాడు వాడే. వాడి పక్కన కూర్చున్న ఒడియా పిల్ల ఆరేళ్లది. పుస్తకం తెరిచి కాగితం వాసన చూసింది. ఒక పేజీలో ఎవరో పాత విద్యార్థి పెన్సిల్‌తో కొట్టిన మార్జిన్ గీత ఉంటే దాని మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపించింది. వాడికి ఒడియా రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు. వెళ్లేసరికి పిల్ల పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పేజీ మీద ఉంది.

అప్పు జనవరికి మూడు వాయిదాల్లో తీరిపోయింది. తీసుకున్న పత్రాన్ని అందరి ముందూ చించి పిల్లల చేతికిచ్చారు. ఫిబ్రవరిలో ఆసు పోసే నాయినమ్మ మనవరాలే బోర్డు మీద లెక్క చెప్పింది. పాడైన అరవైతో కలిపి కుట్టినవి 420, ఖర్చు 2,520. డబ్బొచ్చినవి 240, రాబడి 4,800. ఉచితంగా ఇచ్చినవి 120. చేతిలో మిగిలింది 2,280. "ఇది మనం పంచుకోవచ్చా?" అని ఒకడు అడిగాడు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 8 అని ఒకటుందని, అలా పెట్టిన సంస్థలో లాభం సభ్యులు పంచుకోకూడదని, ఆశయానికే వాడాలని అక్క చెప్పింది. "మీది కంపెనీ కాదు కాబట్టి మీ ఇష్టం, మీరే తేల్చుకోండి" అని బయటికెళ్లి వరండాలో నిలబడ్డారు నలుగురూ. లోపల ఇరవై నిమిషాలు గట్టిగా వాదులాడుకుని, చేతులెత్తి లెక్కపెట్టుకుని, మొత్తం వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి పెట్టుబడిగా వదిలేయాలని తీర్మానించారు. ఊరికే కాదు, అప్పుగా.

చాచాకు, గంజి కాచిన అక్కకు, టీకొట్టు అన్నకు, పాత పుస్తకాలిచ్చిన అపార్ట్‌మెంటువాళ్లకు, శనివారాలు మాకు వదిలిన లెక్కల టీచర్ గారికి, హెడ్మాస్టర్ గారికి పేరుపేరునా దండాలు. అందరికన్నా ముందు మీ నలుగురికి. పరీక్షలున్నా, డ్యూటీలున్నా, వానొచ్చి రైలు ఆగిపోయినా మీ క్లాసు ఒక్క శనివారం ఆగలేదు. రాలేనివాళ్లు ముందురోజే ఫోన్ చేసి పిల్లలకే చెప్పారు, నాకు కాదు. మా పిల్లల్ని మీరు ఒక్కసారి కూడా పాపం అనలేదు. అది నేను గమనించాను. మొదటిరోజు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినందుకు ఈ టీచర్‌ను మన్నించండి.

ఈ ఏడాది బడి ఇంకో వారంలో ముగుస్తుంది. మా స్టాఫ్‌రూమ్ తలుపు పక్కన ఎవరు తెచ్చి పెట్టారో ఒక ఖాళీ గోనెసంచి ఉంది. పొద్దున ఆరో తరగతి పిల్లాడొకడు వచ్చి, తన సోషల్ నోటుబుక్కు దాంట్లో వేయబోయి ఆగి, మళ్లీ తీసి, ఖాళీ పేజీలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు ఉన్నయి టీచర్" అని నాకు చెప్పి, సంచిలో వేసి వెళ్లాడు.