లైట్‌హౌస్ కొల్లాజ్ ఎందుకు వాయిదా వేశానంటే

మా ఆర్ట్ క్లాసు పిల్లల తల్లిదండ్రులకు,

ఈ శనివారం మొదలుకావాల్సిన లైట్‌హౌస్ కొల్లాజ్ (రంగు కాగితాలు చింపి, అతికించి చేసే బొమ్మ) సరైన పేపర్ రాక వచ్చే శనివారానికి జరిగింది. "ఏదో ఒక పేపర్‌తో కానిచ్చేయొచ్చు కదా మేడమ్" అని గ్రూపులో కొందరు అడిగారు. కానిచ్చేయలేను.

ఈ పనికి ప్రాణం గ్లేజ్ పేపర్. ఒకవైపు రంగు, వెనక తెలుపు. రంగు వైపు పైకి పెట్టి, కత్తెర లేకుండా వేళ్లతో మెల్లగా చింపితే ఒక ముక్క అంచున వంకరటింకరగా తెల్లటి గీత తేలుతుంది. అలల మీది నురగ అదే. రెండో ముక్కకు ఆ గీత రాదు. దాన్ని పైన, దూరంగా కనిపించే సముద్రానికి అతికిస్తాం. అయిదేళ్ల పిల్లలు కూడా ఒక్కసారి ఆ అంచు చూశారంటే ఇక కత్తెర అడగరు.

ఎప్పట్నుంచో మాకు పేపర్లు ఇస్తున్న షాపాయన ఈసారి రెండువైపులా నీలంగా ఉండే జిరాక్స్ పేపర్ పంపాడు. ఎలా చింపినా లోపలా నీలమే. ఫోన్ చేస్తే "బ్లూ బ్లూయే కదండీ, చిన్నపిల్లలకేం తెలుస్తుంది" అన్నాడు. పిల్లలకేం తెలుస్తుందన్న ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. తర్వాత రేపు, ఎల్లుండి అంటూ తిప్పి, చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆన్‌లైన్ కిట్లు తెప్పిద్దామా అని చాలా మథనపడ్డాను. కార్ట్‌లో వేయడం, తీసేయడం. డబ్బు కలిసొస్తుంది, టెన్షన్ ఉండదు. కానీ అందులో లైట్‌హౌస్ ముందే కత్తిరించి ఉంటుంది, ఎరుపు తెలుపు చారలతో, అందరికీ ఒకటే. ఆ చారలు తప్పని కాదు. చెన్నై మెరీనాలో 1977 నుంచి ఉన్నదీ ఎరుపు తెలుపే. పగటిపూట ఇది ఫలానా లైట్‌హౌస్ అని ఓడవాళ్లు గుర్తుపట్టేది ఆ రంగులను బట్టే. రాత్రయితే దీపం వెలిగి ఆరే తీరును బట్టి. ఇది చెప్పాక పిల్లలు ఎవరి చారలు వాళ్లు ఎంచుకోవాలి. కిట్‌లో ఎంచుకోవడానికి ఏముంది?

పైగా కిట్‌లో చదునైన పచ్చిక మీద పొడుగాటి టవర్. మన విశాఖ పిల్లలు చూసేది డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్. అక్కడ కొండే కాగితం నిండా ఉండాలి, లైట్‌హౌస్ పైన బొటనవేలంత చాలు. కింద హార్బర్‌లోకి ఓడలు వెళ్లే దారి.

"యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేయించుకుంటాం" అన్నవారికి నా అభ్యంతరం లేదు. సోఫాకి ఫెవికాల్ అంటితే మాత్రం నన్ను అడగొద్దు.

కొత్త షాపులో గ్లేజ్ పేపర్ దొరికింది. ప్రతి కట్టలోంచీ ఒక షీటు అక్కడే చింపి చూశాకే డబ్బు కట్టాను. షాపువాళ్లు వింతగా చూశారు, చూడనీ. ఈ శనివారం క్లాసు మామూలుగానే ఉంటుంది. ఆ నీలం కాగితాలతో పడవలు మడుస్తాం, వాటినే తర్వాత కొల్లాజ్‌లో హార్బర్ దగ్గర అతికిస్తాం. ఫీజు పెరగదు. ఆగడం ఇష్టంలేని వాళ్లకు ఈ నెల ఫీజు వాపసు ఇచ్చేస్తాను.

పాత షాపాయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, రేటు తగ్గిస్తానని. అక్కర్లేదన్నాను.