ఓటీపీ తీసుకుని మూసేసిన నా ఫిర్యాదు గురించి

సత్యనారాయణపురం, విజయవాడ
సెప్టెంబరు 15, 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీకు ఇది నా ఏడో ఉత్తరం. మొదటి ఆరూ ఈమెయిళ్లు. ఆరింటికీ "మీ సందేశం మాకు ఎంతో ముఖ్యం, 48 గంటల్లో స్పందిస్తాం" అని నేను పంపిన మరుక్షణమే జవాబొచ్చింది. ఆ 48 గంటలు ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఇక్కడ వినాయకుణ్ణి నిమజ్జనం కూడా చేసేశాం. మీ గడియారం ఇంకా తిరుగుతున్నట్టుంది. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను.

పియానో సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. జనవరిలో బందరు రోడ్డు షోరూమ్‌లో మీ డిజిటల్ పియానో కొన్నాను. మిడిల్ సి, అంటే పియానో నడుమనుండే సి స్వరం, దాని పైన ఉన్న జి కీ మెల్లగా నొక్కితే పలకదు. గట్టిగా కొడితే పలుకుతుంది. అంతే.

"అంతేనా సార్?" అన్నారు మీవాళ్లందరూ. కాబట్టి ఆ 'అంతే' ఏమిటో చెప్పక తప్పదు.

నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకు చేతి హార్మోనియం వాయించేవాణ్ణి. దాంట్లో స్వరాలన్నీ కుడిచేతివి, ఎడమ చెయ్యి తిత్తి ఊదాలి. అన్నేళ్లలో నా ఎడమ చెయ్యి చేసిన సంగీతసేవంతా గాలి కొట్టడమే. దానికీ అయిదు వేళ్లున్నాయని 61వ ఏట గుర్తు చేద్దామని గ్రాట్యుటీ డబ్బులోంచి ఈ పియానో కొన్నాను. మా టీచరమ్మ నా శిష్యుల కంటే చిన్నది. మొదటి నెలంతా ఎడమ చెయ్యే వాయించమంది. ఆ పాఠం పేరు ఆల్బర్టి బేస్. 18వ శతాబ్దంలో దొమెనికో ఆల్బర్టి అనే వెనిస్ సంగీతకారుడు దాన్ని తెగ వాడాడని ఆ పేరొచ్చింది. కార్డ్ అంటే కలిపి పలికించే స్వరాల గుంపు. దాంట్లోని మూడు స్వరాల్నీ ఒకేసారి నొక్కకుండా కిందది, పైది, మధ్యది, మళ్లీ పైది వాయించాలి. సి ని స అనుకుంటే మన లెక్కలో స ప గ ప. ఆ 'ప'యే నా జి కీ. మోజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా అనే పియానో రచన (ఆయన రచనల జాబితాలో కె. 545) ఎడమ చేతిలో దీనితోనే మొదలవుతుంది. మొదటి రెండు బార్లలో, అంటే మన ఆవర్తాల్లాంటి వాటిలో, ఎడమ చేతికి 16 స్వరాలుంటే అందులో ఎనిమిది ఈ జియే. కావాలంటే లెక్కపెట్టుకోండి.

ఆ జి మీద పడేది బొటనవేలు. మోటు వేలు. దాని మానాన దాన్ని వదిలేస్తే కుడిచేతి రాగాన్ని మింగేస్తుంది. టీచరమ్మ నేర్పిందంతా దాని దూకుడు తగ్గించడమే. ముందు మూడు కీలూ కలిపి నొక్కి చేతికి ఆ పట్టు అలవాటు చేయించింది, తర్వాత విడగొట్టించింది. వేళ్లతో పొడవకూడదు, తాళంలో తాళంచెవి తిప్పినట్టు ముంజెయ్యి అటూ ఇటూ తిరగాలంది. చిటికెన వేలికి కాస్త బరువు, బొటనవేలికి ఊరికే ఆనించిన బరువు. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని రెండు నెలలు చేశాను. చివరికి బొటనవేలు దారికొచ్చింది. అప్పుడు తెలిసింది మీ కీ సంగతి. స, నిశ్శబ్దం, గ, నిశ్శబ్దం. అది పలకాలంటే మళ్లీ మోటుగా పొడవాలి. అంటే నేను నేర్చుకున్నది మరిచిపోతే మీ పియానో బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నమాట.

ఇక మీ సిబ్బంది సంగతి. ముందు షోరూమ్‌కే వెళ్లాను. కొన్న రోజు ఏసీ కింద కూర్చోబెట్టి బాదంపాలు తెప్పించిన కుర్రాడే, ఈసారి సెల్‌ఫోన్ లోంచి తలెత్తకుండా "మేం అమ్మేవరకే సార్, సర్వీసు కంపెనీది" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

సరే, మీ నంబరుకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, తొమ్మిది నొక్కండి. మీ ఫోన్ మెనూలో నొక్కినన్ని కీలు ఆ రోజు పియానో మీద కూడా నొక్కలేదు. 22 నిమిషాలు హోల్డులో పెట్టారు. ఆ సేపంతా పియానో సంగీతమే వచ్చింది. నిజం చెప్పాలి, అందులో ఎడమ చెయ్యి ఎంత మెత్తగా ఉందో! అది మీ కంపెనీ పియానో కాదనుకుంటాను. తర్వాత ఒకమ్మాయి వచ్చి "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అంది. అయిదుసార్లు అంది. ఆరోసారికి నేనే అందించాను. ఆ తర్వాత ఇంకొకాయన "ఒక్క కీయే కదా సార్, మిగతా 87 ఉన్నాయిగా, అది వదిలేసి వాయించండి" అన్నాడు. మా పిల్లలెవరైనా ఏడు వదిలేసి ఎక్కాలు చెప్తానంటే నేనేం చేసేవాణ్ణో ఆయనకు తెలీదు.

మే నెలలో టెక్నీషియన్ వచ్చాడు. పాపం, మంచి కుర్రాడే. రాగానే "వాషింగ్ మెషీన్ ఎక్కడుంది సార్?" అన్నాడు. పియానో చూపిస్తే కాసేపు దాని చుట్టూ తిరిగాడు. ఆ తర్వాత చూపుడు వేలితో కాలింగ్ బెల్ కొట్టినట్టు ఎడమ నుంచి కుడికి 88 కీలూ టంగు టంగుమని కొట్టుకుంటూ వెళ్లాడు. "అన్నీ మోగుతున్నాయి సార్!" మెల్లగా నొక్కు నాయనా అన్నాను. "మెల్లగా నొక్కితే సౌండ్ తక్కువే వస్తుంది కద సార్" అన్నాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. తాగి, "ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి సార్, వచ్చి చూశానని చూపించాలి" అన్నాడు. ఎండన పడి వచ్చాడు కదా అని చెప్పాను. అతను మెట్లు దిగకముందే మెసేజ్ వచ్చింది: మీ సమస్య మీ సంతృప్తి మేరకు పరిష్కరించబడింది. మాకు రేటింగ్ ఇవ్వండి.

అప్పట్నుంచి ఏ నంబరుకి చేసినా "మీ ఫిర్యాదు క్లోజ్ అయింది" అన్న మాటే. జులైలో ఒక సూపర్‌వైజర్ దొరికాడు. "విజయవాడ కదా సార్, వరద నీళ్లు చేరాయేమో, వారంటీ వర్తించదు" అన్నాడు. అయ్యా, బుడమేరు పొంగింది 2024 సెప్టెంబరులో. నేను పియానో కొన్నది 2025 జనవరిలో. పైగా మాది రెండో అంతస్తు. నాలుగు నెలల ముందటి వరద మెట్లెక్కి, ఇంట్లో లేని పియానోలో ఒక్క కీని తడిపి పోయిందా?

1999లో మా అబ్బాయికి కొన్న కీబోర్డు మీదే. మా వీధి చర్చి వాళ్లు సలహా అడిగితే మీ కంపెనీవే రెండు కొనిపించాను. ఇవన్నీ మీ కంప్యూటర్‌లో ఉండవు లెండి. నేను పియానో మార్చమని గొడవ చేయడం లేదు. మార్చినా వద్దనను, అది వేరే సంగతి. పియానో తెలిసిన మనిషి ఒకరు మా ఇంటికొచ్చి, ఆ కీని ఒక్కసారి మెల్లగా నొక్కి చూడాలి. నొక్కాక ఏం చేయాలో ఆ మనిషికే తెలుస్తుంది.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, నాకు బోలెడంత తీరిక. మీ కాల్స్ అన్నీ, హోల్డు సంగీతంతో సహా, రికార్డు చేసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ పాత కస్టమరు

తా.క.: ఈసారి వచ్చే కుర్రాడికి మజ్జిగ ఇస్తాం. ఓటీపీ మాత్రం ఇవ్వను.